ఏ సంవత్సరమని అడగకు, ఎన్ని రొట్టెలని అడుగు

మేము వింక్లర్‌లో దిగిన రోజు బయట మైనస్ ముప్పై ఒకటి. 2016 ఫిబ్రవరి. కెనడాలో మానిటోబా రాష్ట్రం, విన్నిపెగ్ నుంచి కారులో గంటన్నర దూరం, అమెరికా సరిహద్దుకు దగ్గర్లో ఉన్న చిన్న పట్నం. మా ఆయనకు ట్రైలర్లు చేసే ఫ్యాక్టరీలో వెల్డర్ ఉద్యోగం వచ్చింది. చంకలో ఏడాదిన్నర పిల్ల, నాలుగు సూట్‌కేసులు, అద్దెకు ఒక ముసలావిడ ఇంటి బేస్‌మెంట్.

ఆవిడ తలుపు తీసి, మమ్మల్ని పలకరించకముందే పిల్ల కాళ్ళకు సాక్సులున్నాయో లేదో తడిమి చూసింది. ఆ తర్వాత ఇండియాలో ఎక్కడ అని అడిగింది. ఎవరడిగినా చెప్పే మాటే చెప్పాను, "హైదరాబాద్ పక్కన" అని.

"పక్కనంటే? జడ్చర్లా, నాగర్‌కర్నూలా, వనపర్తా?"

నాకు నోట మాట రాలేదు. మాది నాగర్‌కర్నూల్ పక్కన పల్లె. హైదరాబాద్‌లో నాతో చదివినవాళ్ళలోనే సగం మందికి ఆ ఊరు ఎటువైపో తెలియదు. ఎన్నడూ ఇండియా మొహం చూడని తొంభై ఒక్కేళ్ళ మనిషి, ఊతకర్ర మీద వంగి నిలబడి, గద్వాల, దేవరకొండ, షంషాబాద్ అంటూ మిగతావి కూడా వరసగా చెప్పుకుపోయింది. 1950లలో వాళ్ళ చర్చిలో ఆడవాళ్ళ కుట్టు సంఘం ఉండేదట. గోడమీద మన పాలమూరు మిషన్ స్టేషన్ల మ్యాపు పెట్టుకుని, వారానికో ఊరి కోసం ప్రార్థన చేసేవాళ్ళట. పాత దుప్పట్లు చింపి కట్టు గుడ్డలు చుట్టి మిషన్ ఆస్పత్రులకు పంపేవాళ్ళట.

ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేసి చెప్తే ఎగిరి గంతేసింది. "ఎంబీ చర్చోళ్ళా? మన దొరసానమ్మల మనుషులే గదా బిడ్డా! ఇంక నీకు భయం లేదు."

పాలమూరు, నల్గొండ వైపు వాళ్ళకు ఎంబీ అంటే విడమరిచి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎంబీ అంటే మెన్నోనైట్ బ్రదరెన్, మెన్నోనైట్లలో ఒక వర్గం. మెన్నోనైట్లంటే పదహారో శతాబ్దంలో హాలెండ్ వైపు మొదలైన క్రైస్తవ శాఖ. మెన్నో సైమన్స్ అనే ఆయన పేరు మీద ఆ పేరొచ్చింది. పెద్దయ్యాకే బాప్తిస్మం, ఆయుధం పట్టకూడదు అన్నవి వాళ్ళ పట్టుదలలు. వాటివల్లే ఎక్కడా కుదురుగా ఉండలేకపోయారు. హాలెండ్ నుంచి పోలండ్ తీరానికి, అక్కణ్ణుంచి రష్యా రాణి కాథరిన్ పిలిస్తే ఇప్పటి ఉక్రెయిన్ మైదానాలకు. 1789లో హోర్టిట్సా, 1804లో మొలొచ్నా కాలనీలు కట్టారు. సైన్యంలో చేరక తప్పదని జార్ ప్రభుత్వం అనేసరికి 1874 నుంచి ఏడు వేల మంది దాకా మానిటోబాకు వచ్చారు. విప్లవం, కరువు తర్వాత 1923 నుంచి 1930 మధ్య ఇరవై వేల మంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఇంకో ఎనిమిది వేల మంది. మా ఇంటావిడ ఈ చివరి దఫాలో మనిషి. పుట్టింది మొలొచ్నాలో, 1924లో. మన నల్గొండలో 1890 ప్రాంతంలో మిషన్ పెట్టిన ఫ్రీజెన్ దంపతులు కూడా ఆ రష్యా మెన్నోనైట్లలోంచి వచ్చినవాళ్ళే. అమెరికా మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీలు 1899లో హైదరాబాద్‌లో దిగేటప్పటికే రష్యా మెన్నోనైట్లు తెలుగు నేర్చేసుకున్నారన్నమాట.

ఇంట్లో అందరూ ఆవిణ్ణి ఓమా అంటారు. జర్మన్‌లో అవ్వ. నేనూ అదే అన్నాను.

ఆ ఏడు అక్టోబరులో ఓమా మనవరాలు కిందికి వచ్చి ఒక మాట అడిగింది. వచ్చే ఆగస్టుకి ఓమాకు తొంభై మూడేళ్ళు నిండుతాయి, ఆ లోపల ఆమె జీవితం రాయించి పుస్తకంలా చేసి కుటుంబంలో పంచాలి, నువ్వు రోజంతా ఇంట్లోనే ఉంటావు కదా, రాస్తావా? గంటకింత అని డబ్బు కూడా ఇస్తానంది. ఇప్పుడు రాస్తుంటే ఎంతో అభిమానంతో ఒప్పుకున్నట్టు అనిపిస్తుంది కానీ, నిజం చెప్పాలంటే ఆ శీతాకాలం పిల్లకు స్నో సూటు కొనాల్సి ఉండి ఒప్పుకున్నాను.

మొదటి మూడు వారాలు శుద్ధ దండగ. ఫోన్‌లో రికార్డర్ పెట్టి ఎదురుగా కూర్చుంటే ఓమా తల నూనె రాసి దువ్వుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, చర్చిలో సాక్ష్యం చెప్తున్నట్టు మాట్లాడేది. "దేవుడు మమ్మల్ని నడిపించాడు. కష్టపడ్డాం. అంతే." మీ జీవితం గురించి చెప్పండి అంటే, "చెప్పడానికేముంది, పని చేశాను" అనేది. ఏ సంవత్సరం అని అడిగితే చిరాకు పడేది. నేనేమో ఇంటర్నెట్‌లో చూసి ముప్పై ప్రశ్నలు రాసుకుని వెళ్ళేదాన్ని. మీకు బాగా సంతోషం కలిగించిన రోజు ఏది, ఇలాంటివి. ఆ ప్రశ్న విని ఓమా నన్ను చూసిన చూపు ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఒక శనివారం పైకి వెళ్ళేసరికి ఓమా త్వేబాక్ చేస్తోంది. పాలు, వెన్న, ఈస్టు వేసి కలిపిన మైదా ముద్దను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి చిన్న ఉండలు తీస్తారు. పెద్ద ఉండ మీద చిన్న ఉండ పెట్టి, బొటనవేలితో గుచ్చి నొక్కి, ఓవెన్‌లో పెడతారు. చూడటానికి తలపాగా పెట్టిన బన్నులా ఉంటుంది. ఆ రోజు ఆమె వేళ్ళు కీళ్ళనొప్పితో పట్టు దొరక్క, పైన ఉండలు సరిగ్గా నిలబడటం లేదు. చేతులు కడుక్కుని నేను అందుకున్నాను. నావి ఓవెన్‌లో పెట్టిన పది నిమిషాలకు ఒక్కొక్కటే తలలు వాల్చేశాయి.

"భయపడుతూ నొక్కావు. అడుగు తగిలేదాకా నొక్కాలి. నేను శనివారం శనివారం నూట అరవై చేసేదాన్ని. ఆదివారం మధ్యాహ్నం ఫాస్పాకు ఎంతమంది వస్తారో ముందు తెలియదు కదా. ఫోన్ ఉంటేగా చెప్పడానికి."

ఇంక ఆగలేదు. ఆదివారం వంట చేయడం తప్పు కాబట్టి మధ్యాహ్నం మూడున్నరకి కాఫీ, త్వేబాక్, జామ్, చీజ్ పెట్టే ఆ చిన్న భోజనాన్ని ఫాస్పా అంటారని చెప్పింది. ఒకసారి నాలుగు బండ్ల జనం దిగితే నూట అరవై సరిపోక, మర్నాటికి ఉంచిన రొట్టె కోసి పెట్టిందట. అది చెప్తూ ఆ రోజు ఎవరెవరు వచ్చారో, బయట మంచు ఎంత ఎత్తున ఉందో, తన కడుపులో ఎవరు ఉన్నారో కూడా చెప్పింది. రికార్డర్ కింద బేస్‌మెంట్‌లో ఉండిపోయింది. చేతులు తుడుచుకుని పిల్ల డ్రాయింగ్ పుస్తకంలోనే రాసుకున్నాను. తెలుగులో. వేగంగా రాయాలంటే నాకు తెలుగే. పైగా వాళ్ళ ప్లాట్‌డీచ్ మాటలు, అంటే ఇంట్లో మాట్లాడుకునే పల్లె జర్మన్, ఇంగ్లిష్ అక్షరాల్లో ఎలా రాయాలో వాళ్ళ మనవరాలికే తెలియదు. మన లిపిలో మాత్రం ష్మౌంట్‌ఫట్ అని విన్నది విన్నట్టు దిగిపోతుంది. అది మీగడతో చేసే గ్రేవీ. కుడుముల మీద పోసుకుంటారు.

అలా పద్ధతి దొరికింది. అడగాల్సింది సంవత్సరం కాదు, లెక్క. ఎన్ని సీసాలు, ఎన్ని కోళ్ళు, ఎన్ని కుండలు. కాలం తెలుసుకోవాలంటే "అప్పుడు కడుపులో ఎవరు?" అని అడగాలి. మా అవ్వ కూడా అంతే, "నీ చిన్న మేనమామ కడుపుల ఉన్నప్పటి కరువు" అనేది తప్ప సంవత్సరం చెప్పేది కాదు. ఓమా ఆరుగురు పిల్లల పుట్టిన తేదీలు గోడకు అంటించుకుంటే మిగతా కాలమంతా వాటి పక్కన అమర్చుకోగలిగాను.

డిసెంబరులో ఓమా మంచం కింద నుంచి ఒక బిస్కెట్ డబ్బా తీయించింది. అందులో లెక్కల పుస్తకాలు. 1950 అక్టోబరులో పెళ్ళైన వారం నుంచి 1987లో పొలం పెద్ద కొడుక్కి అప్పజెప్పేదాకా రోజుకో వరస. పాత జర్మన్ రాత. కుటుంబంలో ఎవరికీ చదవడం రాదు, రిటైరైన ఒక టీచరమ్మ వారానికి రెండు మధ్యాహ్నాలు వచ్చి చదివి పెట్టింది. ఆ వరసలు ఇలా ఉంటాయి: "బట్టలు ఉతికాను. గుడ్లు 19 డజన్లు. వాన." "బీన్స్ 22 సీసాలు. అమ్మాయి పుట్టింది. గాలి." ఇందులో ఆరాటం, ఆనందం ఎక్కడా లేవు. టీచరమ్మ చదువుతూ నవ్వింది. ఓమా నవ్వలేదు. "22 కాదు, 24. రెండు పగిలాయి" అంది.

ఆ పుస్తకాల్లోంచే వాళ్ళ పొలం నాకు కళ్ళకు కట్టింది. నూట అరవై ఎకరాలు. మన లెక్కలో జమీందారీ, అక్కడ బొటాబొటి సంసారం. రెడ్ రివర్ లోయ నేల బల్లపరుపు, వాన పడితే నల్లరేగడి లాగే బూటును వదలదు. దాన్ని గంబో అంటారు. గోధుమ, ఓట్లు, షుగర్ బీట్, పొద్దుతిరుగుడు. దగ్గర్లోని ఆల్టోనాలో 1946లో రైతులే సహకార సంఘంగా కలిసి పొద్దుతిరుగుడు నూనె మిల్లు పెట్టుకున్నారు. పంట డబ్బు మొగాయనది, అది బ్యాంకు అప్పుకు పోతుంది. ఇల్లు నడిచేది గుడ్ల మీద, మీగడ మీద. పన్నెండు ఆవుల పాలు పొద్దునా సాయంత్రం పిండి, సెపరేటర్ యంత్రం చేత్తో తిప్పి మీగడ తీసి, క్యాన్లలో డెయిరీకి పంపితే చెక్కు వచ్చేది. మీగడ తీసిన పాలు పందులకు. సెపరేటర్‌లో ఉండే రేకులన్నీ రోజూ రెండుసార్లు విడివిడిగా కడగాలి. "పెళ్ళిలో ప్రమాణం చేసిన దానికంటే ఆ రేకులు కడిగిన దానికి ఎక్కువ ఓపిక పట్టింది" అంది ఓమా. ఇన్ని నెలల్లో ఆమె వేసిన జోకులు మూడే, అందులో ఇదొకటి.

సోమవారం ఉతుకు, మంగళవారం ఇస్త్రీ, శనివారం రొట్టె. జూన్ వస్తే చేత్తో బీట్ మొక్కలు పలచన చేయడం, కలుపు. వరసకు చివర బుట్టలో చంటిపిల్ల. ఆగస్టులో సీసాలు. దోసకాయ, టమాటా, చెర్రీ, చికెన్ కూడా గాజు సీసాల్లో ఉడికించి మూత బిగిస్తారు. 1958లో మొత్తం 412 సీసాలని పుస్తకంలో ఉంది. నవంబరులో పందిని కోసే రోజు ఉంటుంది. అది సగం పని, సగం పండగ. తెల్లవారుజామునే నాలుగైదు జంటలు వస్తాయి. మగవాళ్ళు కోత, ఆడవాళ్ళు పేగులు కడిగి సాసేజ్‌కి సిద్ధం చేయడం, పెద్ద ఇనుప కాగులో కొవ్వు కరిగించడం. మిగిలిన కొవ్వుతో సబ్బు. మధ్యలో ఎవరో ఒకరు పంది తోకను చడీచప్పుడు లేకుండా ఇంకొకరి కోటుకు వెనక పిన్నుతో గుచ్చేస్తారు, సాయంత్రం దాకా ఆ మనిషికి తెలియదు. ఇది చెప్పేటప్పుడు ఓమా పళ్ళ సెట్టు జారేలా నవ్వింది. గుచ్చింది ఎవరికని అడిగితే పాస్టరుగారికట.

పనిలో ఆమెకు బరువు అనిపించింది ఏదని అడిగాను. నీళ్ళు మోయడమేమో అనుకున్నాను. "మొదటి ఏడాది మా అత్తగారి వంటింట్లో నా చెంచా ఏదో నాకు తెలియకపోవడం" అంది. భర్త వాళ్ళది 1926లో వచ్చిన కుటుంబం. వాళ్ళకు వాళ్ళ ప్రయాణపు అప్పే పెద్ద గర్వం. కెనడియన్ పసిఫిక్ రైల్వే కంపెనీ అరువు మీద ఓడ టికెట్లు ఇస్తే, మెన్నోనైట్లంతా కలిసి ఆ అప్పును 1946 దాకా తీర్చారు. రైజెషుల్ట్ అంటారు దాన్ని. తీర్చడానికి ఆడపిల్లల్ని విన్నిపెగ్‌లో గొప్పింటివాళ్ళ దగ్గర పనికి పంపేవాళ్ళు. యుద్ధం తర్వాత వచ్చినవాళ్ళంటే ఆ పాతవాళ్ళకు కొంచెం చులకన. హిట్లర్ సైన్యం వెంట వచ్చినవాళ్ళనీ, ప్రార్థన మరిచినవాళ్ళనీ గుసగుసలు. వలసవాళ్ళలోనూ ముందొచ్చినవాళ్ళు, వెనకొచ్చినవాళ్ళు ఉంటారని మాకు ఇక్కడి తెలుగు పాట్‌లక్ విందుల్లోనే తెలిసింది, కొత్తేం కాదు.

రష్యా సంగతులకు మాత్రం ఈ పద్ధతి సగమే పనిచేసింది. 1938లో రాత్రిపూట నల్ల కారు వచ్చి నాన్నను తీసుకుపోయింది. ఆ రోజు ఇంట్లో ఉన్న రొట్టెలు రెండు, ఒకటి నాన్న సంచిలో పెట్టారు. 1941లో సోవియట్ అధికారులు ఊళ్ళకు ఊళ్ళను తూర్పుకు తరలించడానికి రైల్వే స్టేషన్ల దగ్గర ఆరుబయట కూర్చోబెట్టారు. కొన్ని స్టేషన్లకు రైలు ముందొచ్చింది, కొన్నిటికి జర్మన్ సైన్యం ముందొచ్చింది. ఓమావాళ్ళ స్టేషన్‌కి సైన్యం వచ్చింది. "మేం దేవుడే పంపాడనుకున్నాం" అంది. అదే సైన్యం అక్కడ యూదుల్ని చంపుతోంది కదా ఓమా, మీకు తెలుసా అని ఒకే ఒక్కసారి అడిగాను. ముద్ద పిసకడం ఆపలేదు. చాలాసేపటికి "తెలుసు" అంది. ఆ రోజు ఇంక మాట్లాడలేదు. ఆ "తెలుసు"ను అలాగే రాశాను, దానికి ముందూ వెనకా ఏమీ చేర్చలేదు.

1943 సెప్టెంబరులో ఎర్రసైన్యం తిరిగి వస్తుంటే ఊరంతా బండ్లు కట్టి పడమరకు కదిలింది. మొత్తం ముప్పై అయిదు వేల మంది మెన్నోనైట్లు అలా వెళ్ళారు. అందులో ఇరవై వేల పైచిలుకు చివరికి సోవియట్ చేతికి చిక్కి సైబీరియాకో కజకిస్తాన్‌కో పోయారు. ఓమా అక్క వాళ్ళలో ఒకరు. బయల్దేరే ముందు రెండు రాత్రులు నిద్రపోకుండా త్వేబాక్ చేసి, ఓవెన్‌లో మళ్ళీ ఎండబెట్టి, దిండు గలేబుల్లో నింపారు. మన రస్కుల్లా నెలల తరబడి ఉంటాయి. గలేబులు ఏడు. చివరిది పోలండ్‌లో అయిపోయింది. 1945 జనవరి నుంచి మే దాకా లెక్కలు లేవు. ఎన్ని అని అడిగినా జవాబు రాలేదు. ఆ అయిదు నెలలకు పుస్తకంలో ఒక ఖాళీ పేజీ వదిలాం. మనవరాలు ఏదైనా రాద్దామంది, నేను వద్దన్నాను. ఆ తర్వాత గ్రొనావు శరణార్థి శిబిరం, కంటి పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రేలు, 1948లో బ్రెమెన్ నుంచి బీవర్‌బ్రే ఓడ, క్యూబెక్, రైలు. తల్లి, చెల్లెలు, తను. మగవాళ్ళెవరూ మిగల్లేదు. మొదటి వేసవి బాబాయి పొలంలో బీట్ కలుపు, తర్వాత రెండేళ్ళు విన్నిపెగ్‌లో ఒక డాక్టర్ ఇంట్లో పనిమనిషి. గురువారం మధ్యాహ్నం సెలవు. సెలవురోజున మెన్నోనైట్ పనిపిల్లలంతా చేరే మరియ-మార్త హోమ్ అనే ఇల్లు ఉండేదట. అక్కడే ఎవరో పెళ్ళి మాట కదిపారు, ఓమాకు భర్త కాబోయే ఆయన వచ్చి మూడు కప్పుల కాఫీ తాగి, వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళాడు. వారానికి ఉత్తరం రాశాడు.

ఫిబ్రవరిలో టీచరమ్మ చదవడం ఆపి వెనక్కీ ముందుకీ పేజీలు తిప్పింది. 1953 ఆగస్టు. ముప్పై ఏడేళ్ళ పుస్తకాల్లో ప్రసవం రోజు కూడా వరస ఉంది, ఇక్కడ పదకొండు రోజులు ఏమీ లేదు. పేజీ చిరగలేదు. తేదీలు వేసి ఉన్నాయి, పక్కన ఖాళీ.

ఏమైందని అడగలేదు, అప్పటికి నాకు కొంచెం తెలివి వచ్చింది. "ఆ పదకొండు రోజులు రొట్టె ఎవరు చేశారు ఓమా?" అన్నాను.

వేళ్ళ మీద లెక్కపెడుతూ చెప్పింది. మొదటి రెండు రోజులు ఆడబిడ్డ. మూడో రోజు రోడ్డు అవతలి ఇంటావిడ, ఆమె రొట్టె ఎప్పుడూ కొంచెం పులుపు. నాలుగు, అయిదు చర్చి నుంచి. అలా పదకొండూ. ఒక్క రోజు కూడా తడుముకోలేదు, అరవై మూడేళ్ళ తర్వాత. మరి మీరెక్కడున్నారని అప్పుడు అడిగాను.

ఆ వేసవి మానిటోబాను పోలియో ముంచెత్తింది. కెనడాలో అంతకు ముందెప్పుడూ లేనంతగా. రెండేళ్ళ పెద్దకొడుక్కి జ్వరం వచ్చి, ఒక పొద్దున కాలు కదల్చలేకపోయాడు. విన్నిపెగ్ ఆస్పత్రిలో చేర్చారు. అంటువ్యాధి కాబట్టి తల్లిదండ్రుల్ని లోపలికి రానివ్వరు. ఇంటి దగ్గర రెండు నెలల చంటిది. దాన్ని ఆడబిడ్డకు అప్పజెప్పి, తను ఒకప్పుడు పనిచేసిన డాక్టర్ ఇంటికి వెళ్ళి, అలవాటుగా వెనక తలుపే తట్టింది. ఆ ఇంటావిడ ముందు గదిలో పడుకోమన్నా వంటింటి పక్క పాత గదిలోనే పడుకుంది. పొద్దున్నే లేచి వాళ్ళ వంట చేసి, ఆస్పత్రి ఎదుటి కాలిబాట మీద సాయంత్రం దాకా నిలబడేది. మూడో అంతస్తు, ఎడమ నుంచి అయిదో కిటికీ. నర్సు రోజుకోసారి పిల్లవాణ్ణి ఎత్తి చూపించేది. "పాలు చేపి రవికె తడిసేది. పార్కు వెనక చెట్టు దగ్గర పిండి పారబోసేదాన్ని. రోజుకి నాలుగుసార్లు." ఆ పాలకు మాత్రం కొలత చెప్పలేదు. వాడు బతికాడు. ఎడమ కాలికి ఇనుప పట్టీతో బడికి వెళ్ళాడు, అప్పటికి డెబ్భైకి దగ్గరపడుతున్న ఆ పెద్దాయనే మా అద్దె చెక్కు తీసుకోవడానికి కుంటుతూ వచ్చేవాడు. పిల్లలకు ఎప్పుడైనా చెప్పారా అంటే, "అడగలేదు" అంది.

మే నెలకు నా తెలుగు నోట్‌బుక్కులు అయిదయ్యాయి. నేను చదువుతూ ఇంగ్లిష్‌లో చెప్తుంటే మనవరాలు టైపు చేసింది. ఇది అన్నిటికంటే తలనొప్పి పని. తెలుగులో "అంది" అని ఊరుకున్న చోట ఆ అమ్మాయికి బాధతోనా, కోపంతోనా అని కావాలి. నాకేం తెలుసు? అచ్చు తీసిన ప్రతి ఓమాకు ఇస్తే వారం రోజులు పెన్సిల్‌తో కూర్చుంది. పాలు పారబోసింది కొట్టేస్తుందని భయపడ్డాను. దాన్ని ముట్టుకోలేదు. తనను మెచ్చుకున్న చోటల్లా కొట్టేసింది. "ఓపికగల", "మంచి చేతివంట", "ధైర్యంగా", అన్నీ పోయాయి. తనను తాను పొగిడించుకోవడం వాళ్ళలో తప్పు, డేమూట్ ఉండాలి, అంటే అణకువ. నాకు ఒళ్ళు మండింది. ఈ అణకువ ఆడవాళ్ళ దగ్గరే ఎందుకు ఇంత గట్టిగా పనిచేస్తుందని మనవరాలితో వాదించాను. పొలం పత్రం ఓమా పేరున ఎప్పుడూ లేదు, అక్కడా అణకువేనా అన్నాను. ఆ అమ్మాయి నావైపే ఉంది, కానీ కొట్టేసినవి కొట్టేసినట్టే ఉంచాం. ఆమె పుస్తకం. ఒక్క చోట మాత్రం ఓమా పెన్సిల్‌తో కలిపింది. 412 సీసాల పక్కన, "ఏదీ పాడవలేదు."

ఆగస్టులో చర్చి హాల్లో ఫాస్పా పెట్టి పుస్తకాలు పంచారు. నలభై ఒకటి అచ్చు వేయిస్తే, ఓమా బల్ల మీద చేత్తో తడుముతూ రెండుసార్లు లెక్కపెట్టి, నలభైయే ఉన్నాయంది. ఒకటి అప్పటికే నా సంచిలో ఉంది. త్వేబాక్ నేనే చేశాను, నూట ఎనభై. తొమ్మిదింటికి తలలు పడిపోయాయి, వాటిని వంటింట్లో మేమే తినేశాం.

సామాను సర్దుతుంటే ఓమా కుర్చీలోంచి అడిగింది, "మీ అమ్మ రోజుకి ఎన్ని రొట్టెలు చేసేది?"

జొన్నరొట్టెలని చెప్పగలిగాను, ఎన్నో చెప్పలేకపోయాను. ఆ చప్పుడుకే పొద్దున నిద్ర లేచేదాన్ని, ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఇంటికొచ్చి ఫోన్ చేసి అడిగాను. అక్కడ తెల్లారుతోంది. ఇదేం అడుగుడే అని నవ్వుతుందనుకున్నాను.

"మామూలు దినాలల్ల ఇరవై రెండు. కలుపుకు కూలోళ్ళు వస్తే నలభై. నీ తమ్ముడు కడుపుల ఉన్నప్పుడు కూసోని చేయరాకపోతుండె, నిలబడి చేసిన."

ఆరో నోట్‌బుక్కు తీశాను.